అమెరికాలో ఇంట్లోనే డే కేర్ నడుపుతున్నారా? పన్ను మినహాయింపుల లెక్క మొదటి రోజు నుంచి ఇలా రాయండి

ఫిబ్రవరి వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "ఇంట్లో నలుగురు పిల్లల్ని చూసుకుంటున్నానండీ, పన్నులో ఏమేం చూపించుకోవచ్చు?" అడిగేవారు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండవచ్చు, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండవచ్చు, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉండవచ్చు. వారికి నేను తిరిగి వేసే ప్రశ్న ఒకటే: "లెక్కల పుస్తకం ఏమైనా రాశారా?" చాలాసార్లు అవతలి నుంచి మౌనమే జవాబు.

తెల్లవారుజామున లేచి ఉప్మా కలిపి, చంటిపిల్లల్ని ఊయలలూపి, సాయంత్రం ఆరున్నరకు నేల తుడిచే ఆడవాళ్లు ఇవ్వనక్కర్లేని పన్ను ఇచ్చేస్తుంటే నాకు మనసు ఒప్పదు. పోతున్న డబ్బులో ఎక్కువ భాగం చట్టం తెలియక పోతున్నది కాదు. రోజూ రెండు నిమిషాలు రాయకపోవడం వల్ల పోతున్నది. అందుకే కింద ఎక్కడ చూసినా పుస్తకం గురించే చెబుతాను, విసుక్కోకండి.

ఇది అమెరికాలో సొంత యజమానిగా ఇంట్లో పిల్లల సంరక్షణ చేసేవారి కోసం రాసింది. మీ ఒక్కరి పేరునే ఎల్.ఎల్.సి. (పరిమిత బాధ్యత సంస్థ) ఉన్నా, కార్పొరేషన్‌గా పన్ను కట్టే ఎంపిక చేసుకోకపోతే ఇదే పద్ధతి.

1. లెక్కకు ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, పని చేసే అనుమతి. హెచ్-4 వీసాపై ఉన్నవారు వర్క్ పర్మిట్, అంటే ఈ.ఏ.డి. కార్డు, చేతిలో లేకుండా డే కేర్ మొదలుపెట్టకూడదు. కార్డు ఉంటే స్వయం ఉపాధికీ పనికివస్తుంది. దాని గడువు తేదీని క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి.

రెండోది, రాష్ట్రం అనుమతి. సాధారణంగా ఇంటి ఖర్చులు వ్యాపారానికి చూపాలంటే ఆ గది వ్యాపారానికే పూర్తిగా అంకితమై ఉండాలి. డే కేర్‌కు మాత్రం చట్టం సడలింపు ఇచ్చింది: పగలు పిల్లలు ఆడుకునే హాల్లోనే రాత్రి మీ కుటుంబం కూర్చుని టీవీ చూసినా ఫర్వాలేదు, క్రమం తప్పకుండా వాడుతుంటే చాలు. అయితే ఆ సడలింపు దక్కాలంటే మీ రాష్ట్ర చట్టం ప్రకారం లైసెన్సు, రిజిస్ట్రేషన్ లాంటి అనుమతి ఉండాలి, లేదా దానికి దరఖాస్తు చేసి ఉండాలి, లేదా అది అవసరం లేదని చట్టమే మినహాయించి ఉండాలి. దరఖాస్తు తిరస్కరించినా, అనుమతి రద్దయినా సడలింపు పోతుంది.

టెక్సస్‌లో రిజిస్టర్డ్ హోమ్, లైసెన్స్‌డ్ హోమ్ అని వేర్వేరు తరగతులున్నాయి. లైసెన్స్‌డ్ హోమ్‌లో 12 మంది పిల్లల దాకా చూసుకోవచ్చు. కాలిఫోర్నియాలో చిన్న డే కేర్ హోమ్‌కు 8 మంది, పెద్దదానికి 14 మంది వరకు పరిమితి. మీ రాష్ట్రం నియమం ఏమిటో లైసెన్సింగ్ విభాగం వెబ్‌సైటులో చూసి, ఆ పేజీని ప్రింటు తీసి ఫైలులో పెట్టండి. అనుమతి అవసరం లేని తరగతిలో మీరు ఉంటే ఆ కాగితమే మీకు ఆధారం.

మూడోది, ఈ.ఐ.ఎన్. అనే యజమాని గుర్తింపు సంఖ్య. అమెరికా పన్నుల శాఖ ఐ.ఆర్.ఎస్. వెబ్‌సైటులో ఉచితంగా, కొద్ది నిమిషాల్లో వస్తుంది. పిల్లల తల్లిదండ్రులందరికీ మీ సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వవలసిన అవసరం ఉండదు.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

☐ పని అనుమతి కార్డు, గడువు తేదీ
☐ రాష్ట్ర అనుమతి కాగితం, లేదా అవసరం లేదనే నియమం ప్రతి
☐ ఈ.ఐ.ఎన్. పత్రం
☐ వ్యాపారానికి విడిగా ఒక బ్యాంకు ఖాతా, ఒక కార్డు
☐ ఇల్లు కొన్నప్పటి పత్రాలు, లేదా అద్దె ఒప్పందం
☐ ఒక లాంగ్ నోట్‌బుక్, దానికి దారంతో కట్టిన పెన్ను

పెన్ను మాట ఉత్తదే అనుకోకండి. పెన్ను వెతుక్కోవలసి వస్తే ఎవరూ రాయరు.

2. స్థలం కొలవండి

టేపు తీసుకుని గది గదీ కొలవండి. కాగితం మీద ఇంటి బొమ్మ గీసి, ప్రతి గదిలో చదరపు అడుగులు రాయండి. తర్వాత ఏ గదిని డే కేర్‌కు క్రమం తప్పకుండా వాడుతున్నారో గుర్తు పెట్టండి.

ఇక్కడ చాలామంది తమకు తామే అన్యాయం చేసుకుంటారు. ఆట గది, హాలు రాసి ఆగిపోతారు. పిల్లల అన్నం వండే వంటగది ఏమైంది? వాళ్లు వాడే బాత్రూము? మధ్యాహ్నం నిద్రపుచ్చే పడకగది? వాళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీ గది? డయపర్ల పెట్టెలు పేర్చిన అర? క్రమం తప్పకుండా వాడేవన్నీ లెక్కలోకి వస్తాయి. గరాజు, బేస్‌మెంటు లాంటివి కలిపితే డే కేర్ స్థలంలోనూ, ఇంటి మొత్తం విస్తీర్ణంలోనూ రెండు చోట్లా కలపాలి.

ఒక గది పనివేళలంతా పిల్లలకు అందుబాటులో ఉండి, రోజూ వాడకంలో ఉంటే, అందులో పిల్లలు ఏ గంట నుంచి ఏ గంట దాకా ఉన్నారో విడిగా రాయనక్కర్లేదు. ఆ రోజు పనివేళ మొత్తానికి వాడినట్టే. నెలకోసారి తలుపు తీసే గెస్ట్ రూమును మాత్రం కలపవద్దు.

మన ఉదాహరణ ఇల్లు 2,400 చదరపు అడుగులు అనుకుందాం. డే కేర్‌కు వాడేది 1,800. అంటే 75 శాతం.

3. సమయం రాయండి: అసలు డబ్బు ఇక్కడే ఉంది

డే కేర్ మినహాయింపులో రెండు శాతాలను గుణిస్తారు. ఒకటి ఇప్పుడు కొలిచిన స్థలం. రెండోది, ఏడాదిలో మొత్తం గంటల్లో మీ ఇల్లు డే కేర్‌కు పని చేసిన గంటలు. ఏడాదికి 8,760 గంటలు. 2024 లాంటి లీపు సంవత్సరమైతే 8,784.

స్థలం ఒకసారి కొలిస్తే మారదు. సమయం మాత్రం మీరు రాసినంతే.

మొదటి బిడ్డ గడప తొక్కిన క్షణం నుంచి చివరి బిడ్డ వెళ్లే దాకా ఒక లెక్క. ఒప్పందంలో సాయంత్రం 6 అని ఉండి, ట్రాఫిక్‌లో చిక్కుకున్న తండ్రి 6:25కి వస్తే, 6:25 అనే రాయండి. ఇది అందరికీ తెలిసిన భాగం.

తెలియని భాగం ఇంకొకటి ఉంది. పిల్లలు లేనప్పుడు ఇంట్లో డే కేర్ కోసం మీరు చేసే పని కూడా గంటలే. పొద్దున 6:45కి లేచి ఆట వస్తువులు శుభ్రం చేయడం, పాల సీసాలు మరిగించడం, పిల్లల కోసం కూరలు తరగడం, సాయంత్రం నేల తుడవడం, రాత్రి తల్లిదండ్రులకు సందేశాలు పంపడం, ఆదివారం వచ్చే వారం పాఠాలు, బొమ్మల పనులు సిద్ధం చేయడం, లెక్కలు రాయడం. ఇవన్నీ ఇంట్లో జరిగితే కలుస్తాయి. బజారుకు వెళ్లిన సమయం కలవదు, ఎందుకంటే ఆ సమయంలో ఇల్లు వాడకంలో లేదు. ఒకే గంటను రెండుసార్లు రాయవద్దు: పిల్లలు నిద్రపోతుండగా పప్పు వండితే ఆ గంట ఇప్పటికే లెక్కలో ఉంది. మీ ఇంటివారి కోసం ఎలాగూ చేసే వంటను కూడా ఇందులో కలపవద్దు.

నోట్‌బుక్‌లో ఒక రోజు ఇలా కనిపించాలి:

"మంగళవారం. 6:40–7:30 బొమ్మలు తుడిచాను, సీసాలు, ఇడ్లీ. మొదటి బిడ్డ 7:30. చివరి బిడ్డ 6:05. 6:05–6:45 నేల, దుప్పట్లు ఉతుకు. 9:10–9:25 రాత్రి, తల్లిదండ్రులకు ఫొటోలు, రేపటి పని."

ఐదే ఐదు వాక్యాలు. ఏడాదంతా రాస్తే అంతకు మించినది లేదు. మరీ కుదరకపోతే, పిల్లల రాకపోకలు ఏడాదంతా రాస్తూ, ముందు-వెనుక పనులను కనీసం రెండు మూడు నెలలు రోజూ రాయమని నేను చెబుతాను. ఆ సగటుకు ఒక ఆధారమంటూ ఉంటుంది. మార్చిలో కూర్చుని గుర్తున్నంత రాసిన పుస్తకం ఒకే సిరాతో, ఒకే చేతివాలుతో ఉంటుంది. తనిఖీ అధికారికి అది చూడగానే తెలిసిపోతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం:

- రోజుకు పదిన్నర గంటలు, ఏడాదికి 245 రోజులు: 2,572.5 గంటలు
- ముందు-వెనుక పనులు రోజుకు గంటన్నర: 367.5 గంటలు
- వారాంతాల్లో రెండేసి గంటలు, 50 వారాలు: 100 గంటలు
- మొత్తం: 3,040 గంటలు

3,040ని 8,760తో భాగిస్తే 34.70 శాతం. దాన్ని స్థలం 75 శాతంతో గుణిస్తే 26.03 శాతం. ఇదే మీ వ్యాపార శాతం. పిల్లలున్న గంటలు మాత్రమే రాసి ఉంటే 22.03 శాతం దగ్గర ఆగిపోయేవారు.

4. పిల్లలకే కేటాయించిన గది ఉందా?

ఒక గదిని డే కేర్‌కు తప్ప మరి దేనికీ వాడకపోతే ఆ గదికి సమయం శాతం వేయనక్కర్లేదు, స్థలం మొత్తం లెక్కకు వస్తుంది. మన ఉదాహరణలో 200 చదరపు అడుగుల నిద్ర గది అలాంటిదైతే:

- ఆ గది: 2,400లో 200, అంటే 8.33 శాతం, పూర్తిగా
- మిగిలిన 1,600: 66.67 శాతం × 34.70 శాతం = 23.13 శాతం
- కలిపితే దాదాపు 31.47 శాతం

ఒక్క గదితో 26 నుంచి 31కి పెరిగింది. అయితే "మరి దేనికీ" అంటే నిజంగా మరి దేనికీ అనే అర్థం. వేసవిలో ఇండియా నుంచి అత్తగారు, మామగారు వచ్చి రాత్రిళ్లు అదే గదిలో పడుకుంటే అది కేటాయించిన గది కాదు. గది మూలలో మీ కుట్టుమిషను ఉన్నా కాదు. మన ఇళ్లలో చుట్టాల రాకపోకలు ఆగవు కాబట్టి, గట్టిగా నిలబెట్టుకోగలం అనుకుంటేనే ఈ దారి ఎంచుకోండి. ఈ లెక్కను ఇంటి ఖర్చులు చూపే ఫారం 8829 మొదటి భాగంలోని వరుసల్లో వేయడం కుదరదు. విడి కాగితం మీద చూపి జతచేసి, వచ్చిన శాతాన్ని 7వ వరుసలో రాయాలి.

5. ఆ శాతాన్ని ఇంటి ఖర్చులకు వేయండి

ఇంటి ఖర్చులు రెండు రకాలు.

డే కేర్ భాగానికి మాత్రమే పెట్టినవి నేరు ఖర్చులు. పిల్లలకే కేటాయించిన గదికి రంగు వేయిస్తే మొత్తం చూపవచ్చు. అదే మీ కుటుంబం కూడా వాడే గదైతే పూర్తి మొత్తం రాదు, కొంత భాగమే వస్తుంది.

ఇల్లంతటికీ సంబంధించినవి ఉమ్మడి ఖర్చులు: అద్దె లేదా గృహ రుణం వడ్డీ, ఆస్తి పన్ను, ఇంటి బీమా, కరెంటు, గ్యాసు, నీళ్లు, చెత్త, మరమ్మతులు. వీటికి వ్యాపార శాతం వేస్తారు. రుణంలో అసలు కింద కట్టేది ఖర్చు కాదు.

ఉదాహరణ ఇంట్లో వడ్డీ 14,000 డాలర్లు, ఆస్తి పన్ను 8,000, బీమా 2,600, కరెంటు వగైరా 4,400, మరమ్మతులు 1,000. మొత్తం 30,000. దానిపై 26.03 శాతం అంటే 7,809 డాలర్లు. 22.03 శాతమైతే 6,609. పొద్దున, రాత్రి రాసిన ఆ రెండు వాక్యాల విలువ 1,200 డాలర్ల మినహాయింపు. లాభంలో ప్రతి 1,000 డాలర్లపై స్వయం ఉపాధి పన్ను (సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద కట్టేది) ఒక్కటే దాదాపు 141 డాలర్లు పడుతుంది, ఆదాయ పన్ను దానికి అదనం.

"చదరపు అడుగుకు 5 డాలర్ల సులభ పద్ధతి ఉందటగా?" అని తరచు అడుగుతారు. ఉంది. గరిష్ఠంగా 300 చదరపు అడుగులు, 1,500 డాలర్లు. కానీ కుటుంబంతో పంచుకునే స్థలంలో నడిపే డే కేర్‌కు ఆ 5 డాలర్లను కూడా సమయం శాతంతో తగ్గించాలి. మన ఉదాహరణలో 1,500 కాస్తా 520 డాలర్లవుతుంది. సొంత ఇంటివారికి వడ్డీ, ఆస్తి పన్ను వ్యక్తిగత తగ్గింపుల పత్రమైన షెడ్యూల్ ఏలో పూర్తిగా చూపుకునే వెసులుబాటు మిగులుతుంది, నిజమే. అయినా రోజంతా ఇంట్లో సగానికి పైగా స్థలం వాడే డే కేర్‌కు ఇది దాదాపు ఎప్పుడూ నష్టమే. రెండూ వేసి చూడకుండా సులభమైనది ఎంచుకోవద్దు.

ఒక పరిమితి గుర్తుంచుకోండి. ఇంటి ఖర్చులతో వ్యాపారాన్ని నష్టంలోకి నెట్టడం సాధారణంగా కుదరదు. అసలు ఖర్చుల పద్ధతిలో మిగిలిపోయిన మొత్తం వచ్చే ఏడాదికి బదిలీ అవుతుంది. సులభ పద్ధతిలో ఆ బదిలీ లేదు.

6. సొంత ఇంటి తరుగుదల: భయపడి వదిలేయకండి

తరుగుదల అంటే కట్టడం విలువలో ఏటా కొంత భాగాన్ని ఖర్చుగా చూపడం. "తరుగుదల చూపితే ఇల్లు అమ్మినప్పుడు పన్ను పడుతుందట, అందుకే వద్దన్నాం" అని ఎంతమంది చెప్పారో లెక్క లేదు. ఈ మాట విని ఎనిమిదేళ్లు తరుగుదల వదిలేసిన ఒకామె ఇల్లు అమ్మే ముందు నా దగ్గరికి వచ్చారు. వింటుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకంటే చట్టం చూసేది మీరు తీసుకున్న తరుగుదల ఒక్కటే కాదు, తీసుకోగలిగిన తరుగుదల కూడా. చూపినా చూపకపోయినా అమ్మకం నాడు దానిపై గరిష్ఠంగా 25 శాతం దాకా పన్ను పడవచ్చు. అలాంటప్పుడు ఏటా వచ్చే ప్రయోజనం ఎందుకు వదులుకోవాలి?

మిగతా లాభం సంగతి వేరు. ఐదేళ్లలో రెండేళ్లు సొంతంగా ఉండి నివసించినవారికి ఇచ్చే 2,50,000 డాలర్ల మినహాయింపు, ఉమ్మడిగా దాఖలు చేసే దంపతులకైతే 5,00,000, ఇంటి లోపలే డే కేర్ నడిపినందుకు పోదు.

లెక్క వేసే క్రమం:

1. ఇల్లు కొన్న ధర, దానికి చేసిన శాశ్వత మెరుగుదలలు కలపండి. డే కేర్ మొదలైన రోజున మార్కెట్ విలువ అంతకన్నా తక్కువుంటే ఆ తక్కువదే తీసుకోండి.
2. నేల విలువ తీసేయండి. నేలకు తరుగుదల లేదు. ఆస్తి పన్ను నోటీసులో నేలకు, కట్టడానికి విలువలు విడిగా ఉంటే ఆ నిష్పత్తి వాడవచ్చు.
3. మిగిలినదానికి వ్యాపార శాతం వేయండి.
4. 39తో భాగించండి. మొదటి ఏడాది మొదలైన నెలను బట్టి తగ్గుతుంది.

3,60,000 డాలర్ల ఇంట్లో నేల 80,000 అయితే కట్టడం 2,80,000. దానిలో 26.03 శాతం 72,884. పూర్తి ఏడాదికి తరుగుదల సుమారు 1,869 డాలర్లు.

7. పిల్లల తిండి: బియ్యం బస్తా గొడవ లేకుండా

ఇండియన్ స్టోరులో 20 పౌండ్ల సోనా మసూరి బస్తా కొంటారు. అందులో డే కేర్ పిల్లలు తిన్నదెంత, మీవాళ్లు తిన్నదెంత? ఒక డబ్బా పెరుగులో ఎవరి వాటా ఎంత? రసీదులతో ఈ లెక్క తేలదు, తేల్చవలసిన అవసరమూ లేదు. డే కేర్ హోమ్‌లకు ఐ.ఆర్.ఎస్. ఒక్కో భోజనానికి ప్రామాణిక రేటు ఇస్తుంది. 2024 సంవత్సరానికి, అలాస్కా, హవాయి తప్ప మిగతా రాష్ట్రాలకు:

- ఉదయం ఫలహారం: 1.65 డాలర్లు
- మధ్యాహ్న లేదా రాత్రి భోజనం: 3.12 డాలర్లు
- చిరుతిండి: 0.93 డాలర్లు

ఒక్కో బిడ్డకు రోజుకు ఒక ఫలహారం, ఒక మధ్యాహ్న భోజనం, ఒక రాత్రి భోజనం, మూడు చిరుతిళ్ల వరకు లెక్కించవచ్చు. రేట్లు ఏటా మారతాయి. ఆ ఏడాది ఐ.ఆర్.ఎస్. మార్గదర్శిని పబ్లికేషన్ 587లో చూసి వాడండి.

నలుగురు పిల్లలు, 240 రోజులు, రోజుకు ఒక ఫలహారం, ఒక భోజనం, రెండు చిరుతిళ్లు. ఒక్కో బిడ్డకు రోజుకు 6.63 డాలర్లు. ఏడాదికి 6,364 డాలర్ల పైనే. మీరు పెట్టింది పెసరట్టా, పాస్తానా అన్నది ఈ రేటుకు అవసరం లేదు. కిరాణా రసీదులు చూపి నిరూపించవలసిన పనీ లేదు.

నిరూపించవలసింది ఒకటే: ఎవరు, ఏ రోజు, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా ఉన్నారు, ఏ పూట తిన్నారు. ఫ్రిజ్ తలుపుకు నెలకొక కాగితం అంటించండి. అడ్డంగా తేదీలు, నిలువుగా పిల్లల పేర్లు. ఫలహారానికి "ఫ", భోజనానికి "భ", చిరుతిండికి "చి". చేతిలో గరిటె ఉండగానే గుర్తు పెట్టేయండి. నెల చివర ఫొటో తీసి, కాగితాన్ని ఫైలులో పెట్టండి.

ఇందులో జరిగే పొరపాట్లు:

- ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునే బిడ్డ భోజనాన్ని కూడా లెక్కించడం. అది మీరు పెట్టినది కాదు, గుర్తు పెట్టవద్దు. మన పిల్లల్లో పెరుగన్నం డబ్బాలు తెచ్చుకునేవారు ఎక్కువ కాబట్టి జాగ్రత్త.
- మీ సొంత పిల్లల తిండి కలపడం. అది కుటుంబ ఖర్చు.
- ఒకే ఏడాదిలో కొన్ని నెలలు రేటు, కొన్ని నెలలు అసలు ఖర్చు చూపడం. ఏడాదంతా ఒకే పద్ధతి ఉండాలి. మరుసటి ఏడాది మార్చుకోవచ్చు.
- పేపర్ ప్లేట్లు, చెంచాలు, డబ్బాలు ఈ రేటులోనే ఉన్నాయనుకుని వదిలేయడం. రేటు తిండికి, పానీయాలకు మాత్రమే. ఆ వస్తువులు విడిగా చూపవచ్చు.

ఫెడరల్ ప్రభుత్వ ఆహార పథకం, చైల్డ్ అండ్ అడల్ట్ కేర్ ఫుడ్ ప్రోగ్రామ్, నుంచి మీకు డబ్బు వస్తుంటే, సంరక్షణలోని పిల్లల కోసం అందింది ఆదాయంలో చూపి, తిండి ఖర్చు పూర్తిగా తీసివేయడం నా పద్ధతి. రెండు అంకెలూ కనిపిస్తాయి, ప్రశ్న రాదు. ఆ పథకంలో చేరడం వల్ల పన్ను పెరుగుతుందని భయపడి మానేసేవారున్నారు. వచ్చే డబ్బు మొత్తం పన్నుకు పోదు కదా, చేరండి.

8. మిగతా ఖర్చులు

వీటిలో వివరించవలసింది తక్కువ. డే కేర్‌కే వాడేవి పూర్తిగా, కుటుంబంతో పంచుకునేవి వాడకం మేరకు.

☐ బొమ్మలు, పుస్తకాలు, రంగులు, డయపర్లు, తుడిచే కాగితాలు
☐ డే కేర్ బాధ్యత బీమా (మామూలు ఇంటి బీమా చాలాసార్లు వ్యాపారాన్ని కాపాడదు)
☐ లైసెన్సు రుసుము, సీపీఆర్ తదితర శిక్షణలు
☐ ప్రకటనలు, యాప్ చందాలు, బ్యాంకు రుసుములు
☐ సహాయకురాలి జీతం, దానిపై యజమాని కట్టే పన్నులు
☐ సెల్‌ఫోనులో వ్యాపార వాటా (ఇంట్లోని మొదటి ల్యాండ్‌లైను మూల రుసుము రాదు)
☐ కారు మైళ్లు: 2025కు మైలుకు 70 సెంట్లు

కారు కోసం తేదీ, ఎక్కడికి, ఎందుకు, ఎన్ని మైళ్లు అని రాయాలి. కాస్ట్‌కోకు డయపర్ల కోసం వెళ్లి దారిలో ఇంటి కూరలు కొన్నా ఫర్వాలేదు. ఇంటి సరుకుల కోసమే వెళ్లి దారిలో ఒక రంగుల పెట్టె కొంటే అది వ్యాపార ప్రయాణం కాదు.

2,500 డాలర్ల లోపు వస్తువును, రిటర్నుతో ఒక ఎంపిక పత్రం జతచేస్తే, కొన్న ఏడాదే ఖర్చుగా చూపవచ్చు. తలుపులు తెరవకముందు పెట్టిన ప్రారంభ ఖర్చుల్లో 5,000 డాలర్ల వరకు మొదటి ఏడాదే వస్తాయి, మిగతావి 180 నెలలకు పంచుతారు.

సహాయకురాలిని "కాంట్రాక్టరు" అని రాసేయడం పెద్ద పొరపాటు. మీ ఇంట్లో, మీరు చెప్పిన వేళల్లో, మీరు చెప్పినట్టు పని చేసేవారు సాధారణంగా ఉద్యోగులే. ఇంకొకటి గట్టిగా చెప్పాలి: విజిటర్ వీసాపై వచ్చిన అమ్మకో అత్తగారికో జీతం ఇచ్చినట్టు రాయవద్దు, పనిలో పెట్టుకోవద్దు. ఆ వీసా ఉద్యోగానికి అనుమతించదు. ఇంట్లో ఉండే పెద్దవారికి నేపథ్య తనిఖీ కావాలని లైసెన్సు నియమాలూ చెబుతాయి, వారు వచ్చే ముందే ఆ సంగతి చూసుకోండి.

18 ఏళ్ల లోపు మీ సొంత బిడ్డ నిజంగా పని చేస్తే, న్యాయమైన జీతం చెక్కు ద్వారా ఇచ్చి ఖర్చుగా చూపవచ్చు. సొంత యజమాని దగ్గర ఆ జీతంపై సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు ఉండవు. ఏం పని, ఎన్ని గంటలు అనేది నోట్‌బుక్‌లో ఉండాలి.

9. ఆదాయం పూర్తిగా చూపండి

నగదు ఇచ్చినా, జెల్ (ఫోను చెల్లింపు) ద్వారా పంపినా అది ఆదాయమే. దాచాలన్న ఆలోచనే వద్దు. పిల్లల తల్లిదండ్రులు తమ పన్ను క్రెడిట్ కోసం ఫారం 2441లో మీ పేరు, చిరునామా, సంఖ్య రాసి, మీకు ఎంత ఇచ్చారో చెబుతారు. వారు మీ వివరాలు అడిగేందుకు ఫారం డబ్ల్యు-10 ఉంది. వారు అడగకముందే జనవరిలో మీరే నింపి, ఏడాది మొత్తం రసీదుతో కలిపి ఇవ్వండి. మీ పుస్తకంలోని మొత్తం, వారు రాసే మొత్తం ఒకటే అవుతాయి.

10. ఫారాలు నింపే క్రమం

1. వ్యాపార లాభనష్టాల పత్రమైన షెడ్యూల్ సిలో ఆదాయం, ఇంటికి సంబంధం లేని ఖర్చులు. తిండి ఖర్చు ఐదో భాగంలో "ఇతర ఖర్చులు" కింద.
2. ఆ ఏడాది కొత్తగా వాడకంలోకి తెచ్చిన ఆస్తులకు తరుగుదల ఫారం 4562.
3. షెడ్యూల్ సిలో తేలిన తాత్కాలిక లాభంతో ఫారం 8829: స్థలం, సమయం, ఇంటి ఖర్చులు, తరుగుదల.
4. 8829లో వచ్చిన మొత్తాన్ని షెడ్యూల్ సి 30వ వరుసకు తేవాలి. అప్పుడు నికర లాభం తేలుతుంది.
5. లాభం 400 డాలర్లు లేదా అంతకు మించితే స్వయం ఉపాధి పన్ను లెక్కించే షెడ్యూల్ ఎస్ఈ. ఆ పన్నులో సగం మీ ఆదాయం నుంచి తీసివేతగా వస్తుంది.
6. ఫారం 8995: అర్హత ఉంటే వ్యాపార ఆదాయంపై 20 శాతం వరకు మినహాయింపు. దీన్ని మరిచిపోయేవారు చాలామంది.

పన్నును ఏడాది చివరిదాకా ఆపకండి. ముందస్తు వాయిదాలు ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబరు 15, మరుసటి జనవరి 15. మీ వారి ఉద్యోగ జీతంలో కోతను పెంచమని చెప్పినా సరిపోతుంది. చాలా ఇళ్లలో అదే తేలిక.

11. తప్పు జరిగిపోతే

*వడ్డీ, ఆస్తి పన్ను రెండుచోట్ల చూపారు.* 8829లో తీసుకున్న భాగాన్ని షెడ్యూల్ ఏ నుంచి తగ్గించి, సవరణ రిటర్ను ఫారం 1040-ఎక్స్ వేయండి.

*పాత ఏళ్లలో ఖర్చులు వదిలేశారు.* దాఖలు చేసిన తేదీ నుంచి సాధారణంగా మూడేళ్లలోపు అదే ఫారంతో వాపసు అడగవచ్చు. ఆధారం ఉన్నవే అడగండి.

*తరుగుదల ఏళ్ల తరబడి చూపలేదు.* ఇల్లు అమ్మేవరకు ఆగవద్దు. ఫారం 3115 ద్వారా వదిలేసినదంతా ఒకే ఏడాదిలో తెచ్చుకునే దారి ఉంది. పైన చెప్పిన ఆమెకు ఇదే పనికివచ్చింది. ఈ ఫారాన్ని మాత్రం అనుభవం ఉన్న నిపుణుల చేత వేయించండి.

*గంటల పుస్తకం లేదు.* ఊహించి పాత తేదీలతో రాయవద్దు. హాజరు యాప్, తల్లిదండ్రుల ఒప్పందాలు, చెల్లింపుల వివరాలు, ఫోనులోని తేదీలున్న ఫొటోలు, సందేశాలు తీసి వాటి నుంచి గంటలు కట్టండి. ముందు-వెనుక పనులకు ఆధారం దొరకకపోతే వదిలేసి, ఈ రోజు నుంచి రాయడం మొదలుపెట్టండి.

12. పెట్టెలో ఉండవలసినవి

ఏడాదికొక కవరు. పైన సంవత్సరం పెద్ద అంకెల్లో.

☐ గంటల నోట్‌బుక్
☐ ఫ్రిజ్ మీది పన్నెండు భోజన కాగితాలు
☐ హాజరు పట్టికలు, తల్లిదండ్రుల ఒప్పందాలు
☐ ఇంటి బొమ్మ, గదుల కొలతలు, గదుల ఫొటోలు
☐ కరెంటు, నీళ్లు, బీమా, ఆస్తి పన్ను, వడ్డీ కాగితాలు
☐ కొనుగోలు రసీదులు (సిరా వెలిసిపోయే రసీదులకు ఫొటో కూడా)
☐ కారు మైళ్ల పట్టిక
☐ దాఖలు చేసిన రిటర్ను ప్రతి

మామూలు కాగితాలు రిటర్ను వేశాక కనీసం మూడేళ్లు ఉంచండి. ఇల్లు కొన్న పత్రాలు, మెరుగుదలల బిల్లులు, ఏటా తీసుకున్న తరుగుదల లెక్కలు మాత్రం విడిగా ఒక కవరులో పెట్టి, ఇల్లు అమ్మిన ఏడాది రిటర్ను వేసి మూడేళ్లు గడిచేదాకా పారేయకండి.